మా సెంటర్ ఫార్వర్డ్ మోకాలు

ముందే చెప్పేస్తాను. ఆ మోకాలిని పాడు చేసింది ఎదుటి జట్టు బ్యాక్ కాదు, కలకత్తా బురద కాదు. నేను. బోధన్‌లో ఈ మాట ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. వాని నసీబు గట్లుండె, నువ్వేం జేస్తవ్ అంటారు. నెత్తిన రాసిపెట్టి ఉందని చేతులు దులుపుకోవడం మావాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. మాది రుద్రూర్, ఇంట్లో చెరుకూ వరీ. మెట్రిక్ దాటింది మా ఇంట్లో నేనొక్కణ్ణే, ఆ గర్వం నడకలోనే కనిపించేదట. బండ్ల మీద వచ్చిన చెరుకు రసాన్ని గాజు గొట్టాల్లో పోసి తీపి ఎంతుందో కొలవడం నా పని. ఎవరైనా రైతు ఓ ముక్క నమిలి, తియ్యగనే ఉన్నది గదా అంటే, నీ నోటి లెక్క నాకు చెప్పకు, గొట్టం ఏం చెబితే అదే లెక్క అని కసిరేవాణ్ణి. కొలవనిదాన్ని నమ్మేవాణ్ణి కాదు. కనీసం నా గురించి నేను అలా అనుకునేవాణ్ణి.

సాయంత్రం షిఫ్టు దిగాక ఫ్యాక్టరీ వెనక గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. జట్టుకి నేనే సెంటర్ హాఫ్‌ని, నేనే సెక్రటరీని. ఆట అంతంతమాత్రం, మాటలు మాత్రం కోటలు దాటేవి.

అతను మాకు దొరికింది రాష్ట్రాలు కలిసిన ఏడాది. వాళ్ళ నాన్న బోధన్‌లో ఇంటింటికీ తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. చెరుకు ఆడే సీజన్ మొదలయ్యే ముందు ఫ్యాక్టరీ క్యాంటీను గుండిగలకి కళాయి వేయడానికి తండ్రీ కొడుకూ వచ్చి గ్రౌండు పక్కనే పొయ్యి పెట్టుకున్నారు. కొడుక్కి పద్దెనిమిదేళ్ళుంటాయి. మావాడెవడో తన్నిన బంతి తప్పిపోయి వాళ్ళ తిత్తి దగ్గరికి వెళ్ళింది. అతను లేచి, మసి అంటిన ఒట్టి కాలితోనే దాన్ని తిరిగి తన్నాడు. బంతి వచ్చి నా కాళ్ళ ముందు ఆగింది. అంత దూరం నుంచి అలా వచ్చి ఆగేలా తన్నినవాణ్ణి నేనప్పటిదాకా చూడలేదు. మర్నాటి నుంచి మా సెంటర్ ఫార్వర్డ్ అతనే.

అతని ఆటంతా ఒక తిప్పులో ఉండేది. గోలుకి వీపు పెట్టి నిలబడి, వచ్చిన బంతిని ఎడమ కాలితో అందుకుని, కుడి మోకాలి మీద గిర్రున తిరిగేవాడు. కాపలా కాస్తున్నవాడు ఎటు చూడాలో తేల్చుకునేలోపు బంతి గోల్లో పడేది. ఆ తిప్పు ఎవరు నేర్పారని అడిగితే, గుండిగల్లో నిలబడి కాళ్ళతో ఇసుక రుద్దేటప్పుడు అలవాటైందన్నాడు. కళాయి వేసేముందు గిన్నె మెరవాలంటే అలా గంటల తరబడి లోపల తిరుగుతూ తొక్కాలట. వాళ్ళింట్లో అందరికీ వచ్చిన పనే అది. అతనికి మాత్రం ఆట అయింది.

బూట్లు లేందే పైజట్లలో ఆడనివ్వరని తెలిసి, ఫ్యాక్టరీ వాళ్ళతో పోట్లాడి ఒక జత తెప్పించాను. అతను వాటిని బకెట్ నీళ్ళలో నానబెట్టి, మూడు రోజులు తడి బూట్లతోనే తిరిగాడు. నాలుగో రోజుకి అవి అతని కాళ్ళకి అతుక్కుపోయాయి. రెండేళ్ళు హైదరాబాదులో ఆడాడు. ఆ తర్వాత కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బు రమ్మంది. అక్కడ ఆటే ఉద్యోగం. ఫుట్‌బాల్ ఆడితే అన్నం పెడతారా అని బోధన్ బజార్లో నవ్వినవాళ్ళే, పేపర్లో అతని ఫోటో చూశాక, మా పిలగాడు అనడం మొదలుపెట్టారు. పెద్ద పోటీలప్పుడు బస్టాండు దగ్గరి హోటల్లో రేడియో చుట్టూ మూగేవాళ్ళం. అటు చెప్పే భాష సగం అర్థమయ్యేది కాదు. అతని పేరు వినబడితే మాత్రం అందరి చేతుల్లో చాయ్ గ్లాసులు ఆగిపోయేవి. నేనైతే అతని ఫోటోల్ని కత్తిరించి ల్యాబు గోడకి అంటించుకున్నాను.

మూడేళ్ళు అలా నడిచింది. మూడో ఏడు చలికాలంలో, సీజన్ జోరుగా సాగుతుండగా ఇంటికి వచ్చాడు. స్టేషన్‌కి నేనే వెళ్ళాను. రైలు దిగేటప్పుడు కుడి కాలు ముందు పెట్టకుండా ఎడమ కాలు పెట్టి దిగాడు. అప్పుడే నాకు ఏదో అనుమానం తట్టింది. మోకాలు ఉబ్బి ఉంది. అప్పుడప్పుడు ఉన్నట్టుండి పట్టేస్తుందనీ, కాసేపటికి తనంతట తానే విడుస్తుందనీ చెప్పాడు. క్లబ్బు డాక్టరు ఒక ఉత్తరం ఇచ్చి పంపాడు. అది ఇంగ్లీషులో ఉంది. అతనికి వచ్చిన చదువల్లా కాస్త ఉర్దూ.

వాళ్ళింట్లో కూర్చుని ఆ ఉత్తరం నేనే చదివి చెప్పాను. వాళ్ళ నాన్న అప్పటికే పోయాడు. వాళ్ళమ్మ తలుపు పరదా వెనక నిలబడి వింటోంది. మోకాలి లోపల మెత్తటి ఎముక చిరిగిందట. చిన్న ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేయాలి. ఖర్చంతా క్లబ్బుదే. నెలలోపు తిరిగి రావాలి. అప్పటిదాకా మోకాలిని తోమించకూడదు, పట్టీలు వేసి బిగించకూడదు. అన్నీ చదివాను. ఒక్క ముక్కా దాచలేదు. అయితే ఆ 'చిన్న' అన్న మాటని మెల్లగా చదివాను. కోయడం అన్న మాట వినగానే పరదా వెనక నుంచి ఏడుపు వినిపించింది, దాని మధ్యలో నా గొంతు తగ్గింది. అలా తగ్గించానని నాకు అప్పుడే తెలుసు.

ఎందుకు తగ్గించానంటే, మాక్లూర్‌లో మా మేనమామకి చెరుకు మోడు గుచ్చుకుని కాలు చీము పట్టింది. ఇరవై రోజులు పసర్లు పూసి, ఇక లాభం లేదనుకున్నాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ తొడ దాకా తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆలస్యంగా తీసుకెళ్ళామని మా ఇంట్లో ఒక్కరూ అనలేదు. కాలిని కత్తి తిన్నది అన్నారు. నేనూ అదే నమ్ముతూ పెరిగాను. గొట్టంలో పోసి కొలిచే మనిషిని, ఆ ఒక్క విషయాన్ని ఎన్నడూ కొలిచి చూసుకోలేదు.

అతను నా మొహంలోకి చూశాడు.

"అన్నా, నువ్వు సదువుకున్నోనివి. కోయిపిచ్చుకొమ్మంటే పొయ్యి కోయిపిచ్చుకుంట. వద్దంటే వద్దు. నువ్వెట్లంటే గట్ల."

"కత్తి తాకిన కాలు మల్ల కాలు గాదు," అన్నాను. "నిజామాబాద్‌ల పహిల్వాన్ ఉన్నడు. నలభై దినాలు కట్టు కట్టిచ్చుకో. గంతే."

మా వైపు ఎముక విరిగితే తాలీంఖానాకి పోవడం రివాజు. కుస్తీలు పట్టే పహిల్వాన్లే కట్లు కడతారు. నిజామాబాదులో ఆ పహిల్వాన్ వాకిట్లో బెంచీల నిండా చేతులూ మణికట్లూ వేలాడేసుకున్న జనం ఉండేవాళ్ళు. ఆయన మంచివాడు, దొంగ మనిషి కాదు. విరిగిన చేతిని తడిమి చూసి సరిగ్గా కూర్చోబెట్టడంలో ఆయనకి ఎదురు లేదు. మోకాలి లోపల ఏముందో ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు. నరం పక్కకి జరిగిందన్నాడు. గట్టిగా తోమాడు. కోడిగుడ్డు తెల్లసొనలో ఏవో పొడులు కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ బిగించాడు. ఉత్తరంలో ఏవి వద్దని ఉన్నాయో అవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. నేను అతని భుజం పట్టుకుని నిలబడ్డాను. వారానికోసారి కట్టు మార్పించడానికి బస్సులో నేనే తీసుకెళ్ళాను.

నెల దాటాక కలకత్తా నుంచి తంతి వచ్చింది, వెంటనే బయల్దేరమని. దానికి జవాబు కూడా నేనే రాశాను, నా ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో. మోకాలు నయమవుతోంది, ఆపరేషన్ అవసరం లేదు, త్వరలో వస్తాడు అని.

నలభయ్యో రోజు కట్టు విప్పితే మోకాలు సన్నగా, మునుపటిలాగే ఉంది. అన్నాళ్ళు కదలకుండా ఉంచితే వాపు తగ్గకేం చేస్తుంది! మాకు మాత్రం పండగే. పహిల్వాన్ నవ్వుతూ, ఇక పరుగెత్తమన్నాడు. వాళ్ళమ్మ దర్గాకి వెళ్ళి చాదర్ కప్పి వచ్చింది. సీజన్ ముగింపు రోజుల్లో మా జట్టుకీ నిజామాబాద్ జట్టుకీ ఫ్యాక్టరీ గ్రౌండులో మ్యాచ్ పెట్టాను. అతను కలకత్తాకి వెళ్ళేముందు కాలు ఒకసారి పరీక్షించుకున్నట్టు ఉంటుంది, ఊరు చూసుకున్నట్టు ఉంటుంది అనుకున్నాను. చెరుకు బండ్లవాళ్ళు ఎడ్లని విప్పేసి మరీ వచ్చి కూర్చున్నారు.

మొదటి బంతి అతనికి నేనే ఇచ్చాను. గోలుకి వీపు పెట్టి, ఎడమ కాలితో అందుకుని, కుడి మోకాలి మీద తిరిగాడు. సగం తిరిగి ఆగిపోయాడు. దగ్గర్లో ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. స్నానానికి పీట మీద కూర్చున్నవాడిలా మెల్లగా నేల మీద కూర్చున్నాడు. అరవలేదు. రెండు చేతులూ మోకాలి మీద పెట్టుకుని, అన్నా, మల్ల పట్టింది అన్నాడు. ఈసారి అది విడవలేదు.

కలకత్తాకి నేను కూడా వెళ్ళాను. డాక్టరు మోకాలిని రెండు చేతులతో అటూ ఇటూ కదిపి చూసి, దీన్ని ఎవరు తోమారు అని అడిగాడు. మా ఊరి పెద్దలు అని అతనే చెప్పాడు. ఇప్పుడు కోసినా సరిగ్గా నడవడానికే పనికొస్తుంది, ఆటకి రాదు అన్నాడు డాక్టరు. ఆడనప్పుడు కోయించుకోవడం దేనికని మావాడు లేచాడు. క్లబ్బువాళ్ళు రైలు దాకా వచ్చి సాగనంపారు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఆ తర్వాత చెప్పుకోడానికి ఏం లేదు. ఏళ్ళు మాత్రం గడిచాయి. అడిగి అడిగి ఫ్యాక్టరీలో సీజన్ పని ఇప్పించాను. చెరుకు యార్డులో బండ్లవాళ్ళకి వరస చిట్టీలిచ్చే పని. మొదట్లో బండ్లవాళ్ళు అతన్ని వేలెత్తి చూపించుకునేవాళ్ళు. సరిహద్దు అవతలి నుంచి చెరుకు తెచ్చే మరాఠీ వాళ్ళు కూడా బండి దిగి వచ్చి చేయి కలిపి వెళ్ళేవాళ్ళు. మూడో సీజన్‌కి అతను చిట్టీలిచ్చే కుంటాయన అయ్యాడు. సీజన్ అయిపోతే మళ్ళీ కళాయి పొయ్యి, అయితే గుండిగలో నిలబడి తిరగడం చేతకాక కూర్చుని చేత్తో రుద్దేవాడు. అప్పటికే స్టీలు గిన్నెలు వచ్చేసి ఆ పనీ తగ్గిపోయింది. ఫుట్‌బాల్ నేర్పమని కొన్నాళ్ళు గ్రౌండుకి పిలిపించాను. ఆ తిప్పు నోటితో చెబితే ఎవరికీ రాలేదు, చేసి చూపించడం అతనికి రాలేదు. రావడం మానేశాడు. ఊళ్ళో అందరూ చెరుకు రసం పిండుకుని పిప్పి పారేశారని ఏదో గొప్ప మాటలా అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు, పిప్పిని ఎవరూ పారేయరు. బాయిలర్‌లో వేస్తారు, దాని మంటతోనే మిల్లు తిరుగుతుంది. అతనికి ఆ పాటి ఉపయోగం కూడా మిగల్లేదు.

డెబ్భైల్లో ఒక సీజన్‌లో ల్యాబు మెట్ల మీద ఒలికిన రసానికి కాలు జారి పడ్డాను. మోకాలి చిప్ప రెండుగా విరిగింది. ఫ్యాక్టరీ డాక్టరు జీపులో హైదరాబాద్ ఆసుపత్రికి పంపుతానన్నాడు. మా ఆవిడ భయపడి, పహిల్వాన్ దగ్గరికి పోదాం అంది. నీకేమన్నా తెలివి ఉందా అని నొప్పిలో కూడా దాని మీద ఎగిరాను. కోయించుకోవాలా వద్దా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా కాలు కదా. ఆ మాట జీపులో పడుకున్నాక తట్టింది. నిజామాబాద్ దాటినట్టు, హైదరాబాద్ చేరినట్టు ఏదీ గుర్తులేదు, ఆ ఒక్క మాటే గుర్తుంది.

మూడు నెలలకి నడిచాను. ఇంట్లో కూర్చుని ఉంటే ఒక సాయంత్రం అతను వచ్చాడు. చేతిలో కర్ర, గుడ్డసంచిలో బత్తాయిలు. తల నెరిసింది. ఎలా ఉందని అడిగి, చూపించమన్నాడు. ఏముందిలే చూడ్డానికి అని పంచె కిందికి లాక్కున్నాను. అతనే వంగి పంచె అంచు పైకి తీశాడు. కుట్లు మానిన గీత మీద వేళ్ళు పరిచి కొలిచాడు. నాలుగు వేళ్ళకి కాస్త ఎక్కువ.

"గింతేనా అన్నా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళుగా నాలుక చివర పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. నిన్ను నేనే పాడు చేసిన అన్నాను. ఉత్తరంలో చిన్న ఆపరేషనే అని ఉండె, నేను నీకు సరిగ్గా వినిపించలేదు అన్నాను.

అతను పంచె అంచు సర్ది, కర్ర అందుకున్నాడు.

"ఇనవడ్డది అన్నా. నువ్వు మెల్లగ సదివినవ్, గని ఇనవడ్డది. నీకే భయమైతుంది గావచ్చు అనుకున్న. నువ్వు భయపడ్డంక నాకేడి ధైర్యం?"

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే ఈ పాటికి నేను కాస్త తేలికపడి ఉండేవాణ్ణి. యార్డులో బండ్లు ఆగి ఉన్నాయి, పొద్దుగూకకముందే చిట్టీలివ్వాలి అంటూ వెళ్ళిపోయాడు. గడప దాటేటప్పుడు ఎడమ కాలు ముందు పెట్టి దిగాడు. నా మోకాలు ఇప్పటికీ బాగానే ఉంది. వానాకాలంలో కూడా నొప్పి రాదు.