మా ఇంట్లో అత్తారింటికి వచ్చింది మగవాళ్ళే

మా చిన్నప్పుడు... అలిగి పుట్టింటికి వెళ్ళిపోయేది మా ఇంట్లో అమ్మ కాదు, నాన్న.

మాది పెనుగంచిప్రోలు. అమ్మ ఒక్కతే కూతురు కాబట్టి నాన్న జి.కొండూరు నుంచి ఇల్లరికం వచ్చాడు. అంతకుముందు తాతయ్యా అంతే, వీరులపాడు నుంచి. పొలం అమ్మమ్మది, పెత్తనం అమ్మమ్మది. మిరపకాయల వ్యాపారి వస్తే మాట్లాడేది అమ్మమ్మే... తాతయ్య వసారాలో ఓ మూల కూర్చుని తాళ్ళు పేనుకునేవాడు. ఎవరేం అడిగినా "ఆవిణ్ణడగండి" అనేవాడు.

అమ్మమ్మ మాట తగిలిందంటే నాన్న చేతిసంచిలో పంచెలు కుక్కుకుని బస్సెక్కేసేవాడు. మర్నాటికల్లా నాయనమ్మ వెంటబెట్టుకొచ్చి దింపేది, అరిసెల డబ్బాతో సహా. "అత్తగారన్నాక ఓ మాటంటది నాయనా, సర్దుకుపోవాలి" అని గుమ్మంలోనే బుద్ధులు చెప్పేది. నాన్న తలొంచుకుని పెరట్లోకెళ్ళి గేదెకి గడ్డి వేసేవాడు. నాకు పాపం అనిపించేది.

ఇరుగుపొరుగు ఇళ్ళ సంగతి నాకెక్కడ పట్టింది... నాకు అర్థమైందల్లా ఇదే. ఆడపిల్లలు పుట్టిన ఇంట్లోనే ఉంటారు, మగపిల్లల్ని పెళ్ళిచేసి పంపించేస్తారు.

అందుకే తమ్ముడు పుట్టినప్పుడు ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే నాకు మాత్రం వాణ్ణి చూస్తే జాలేసింది. ఎంత గారాబంగా పెంచినా ఒకింటికి పంపాల్సినవాడేగా... నా వాటా వెన్న కూడా వాడికే పెట్టేదాన్ని. "ఇక్కడున్నన్నాళ్ళూ తినరా, అక్కడ మీ అత్త ఎట్టా చూస్తదో" అనేదాన్ని. వాడికి మూడేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళ ముందు తలొంచుకోవడం, గేదెకి గడ్డి వేయడం నేర్పేశాను. రేపు మా పెంపకానికి మాట రాకూడదు కదా...

ఆ ఏడు జగ్గయ్యపేటలో మా చుట్టాలమ్మాయి రత్తక్క పెళ్ళికి వెళ్ళాం. అప్పగింతలప్పుడు అక్క వాళ్ళమ్మని పట్టుకుని ఒకటే ఏడుపు. పెళ్ళికొడుకేమో హాయిగా తాంబూలం నములుతున్నాడు. "అమ్మమ్మా, వెళ్ళేది అతను కదా, అక్కెందుకు ఏడుస్తోంది?" అని గట్టిగానే అడిగాను.

పందిరంతా నవ్వులే. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఒసే పిచ్చిదానా, ఇంట్లో మగపిల్లాడు లేకపోతేనే అల్లుణ్ణి తెచ్చుకునేది. మనకిప్పుడు తమ్ముడున్నాడుగా. వాడుంటాడు, నువ్వే వెళ్తావ్" అంది.

మా ఇల్లు, మా గేదె, మా అమ్మమ్మ... అన్నీ వదిలి నేను వెళ్ళాలా? పక్కనే తమ్ముడు నేనిచ్చిన లడ్డూ తింటున్నాడు. ఇన్నాళ్ళూ వాడికి ధారపోసిన వెన్నంతా గుర్తొచ్చి, మిగిలిన సగం లడ్డూ లాగేసుకున్నాను. వాడు బావురుమన్నాడు, వాడితోపాటు నేనూ. జనం మళ్ళీ నవ్వారు.

నవ్వనిది నాన్న ఒక్కడే. నన్ను పందిరి బయటికి తీసుకెళ్ళి, పంచె చెంగుతో మొహం తుడిచి, మెల్లగా చెప్పాడు. "మొదటి ఏడాదే కష్టం తల్లీ... తర్వాత అలవాటైపోద్ది."

"నీకు అలవాటైందా నాన్నా?" అన్నాను.

ఏదో చెప్పబోయాడు. ఇంతలో లోపల్నుంచి అమ్మమ్మ పిలిచింది. "వస్తున్నానత్తయ్యా" అంటూ పరుగెత్తాడు.

తర్వాత నేను నందిగామ కోడలినయ్యాను. ఆ మొదటి ఏడాదంతా నాన్న మాట పట్టుకునే నెట్టుకొచ్చాను. పుట్టిల్లు వదలడమంటే ఏమిటో అమ్మకీ తెలియదు, అమ్మమ్మకీ తెలియదు... నాకు చెప్పగలిగినవాడు ఆయనొక్కడే.

ఇప్పటి పిల్లలు పెళ్ళికాగానే ఇద్దరూ కలిసి ఓ అద్దింట్లో దిగుతున్నారు. ఎవరూ ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు. మంచిదే... కానీ ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు చెవిలో పడ్డ ఒక్క మాట మీకూ ఉండే ఉంటుంది. అది ఎవరన్నారో, ఏమన్నారో... రాయండి, చదువుకుంటాను.