పీత నడక నడిచి చూపించాను

శ్రీకాకుళంలో పిల్లల కథల పుస్తకాలు వేసే చిన్న ఆఫీసు మాది. మాకు బొమ్మలు గీసే అప్పలనాయుడు గరివిడిలో ఇంటి నుంచే పని చేస్తాడు. ఇన్నాళ్లూ మా మాటలన్నీ వాట్సాప్‌లోనే. కొత్త కథలో పీతపిల్ల కొంటెగా ఉండాలని నేనెన్నిసార్లు రాసినా, అతను పంపిన ప్రతి పీతా బెంగపెట్టుకున్నట్టే ఉండేది. విసిగిపోయి, ఆర్టిస్టుని మార్చేద్దామని మా సార్‌తో అనేశాను. ఆయన మాత్రం "ముందు ఒకసారి ఎదురెదురుగా కూర్చోండమ్మా" అని ఈ రోజు అతన్ని పిలిపించారు.

బస్సు దిగి వచ్చిన అప్పలనాయుడు నన్ను చూసి తెల్లబోయాడు.

"మీరేనేటండి మేడం? మీ మెసేజులు సూసి పెద్ద కోపిష్టి మనిషనుకున్నాను. ఏటైనా అడిగితే కసురుతారని ఊరుకున్నానండి. ఇంతకీ కొంటెగా అంటే ఎలాగండి?"

మాటలతో తేలదని లేచి, వేళ్లు కత్తెరల్లా ఆడిస్తూ, కళ్లు తిప్పుతూ బల్లల మధ్య అడ్డంగా నడిచేశాను. ఆఫీసంతా ఒకటే నవ్వులు.

"ఉండండి మేడం, దొరికీసింది!" అంటూ అతను అక్కడే కాగితం లాక్కుని గీశాడు. ఆ పీత అచ్చం నన్నే వెక్కిరిస్తున్నట్టుంది! ఇన్నాళ్లుగా నలుగుతున్న మిగతా బొమ్మలు కూడా భోజనాల వేళకి అయిపోయాయి. అతన్ని మార్చేద్దామన్న మాట నేనూ ఎత్తలేదు, సారూ ఎత్తలేదు.

సాయంత్రం మావారికి ఇదంతా చెబితే, "నీ మెసేజులు సూస్తే నాకూ భయమేస్తాదే" అన్నారు. మీ మెసేజులకి జడిసేవాళ్లు కూడా ఉన్నారేమో, ఒకసారి ఎదురుగా అడిగి చూసి చెప్పండి!