ఓట్ల కోసం దోహా దాకా

జర్మనీలో ఉత్తరాన లోయర్ శాక్సనీ అని ఒక రాష్ట్రం. దాని ముఖ్యపట్టణం హానోవర్‌లో నేను చాలా ఏళ్లుగా దుబాసీ పని చేస్తున్నాను. ఆ ఏడాది అక్టోబరులో అక్కడ శాసనసభ ఎన్నికలు. రష్యా యుద్ధం మొదలయ్యాక గ్యాస్ ధర మండిపోతోంది. వచ్చే చలికాలం ఇళ్లు ఎలా వెచ్చబెట్టుకోవాలన్నదే ఎవరి నోట విన్నా. గ్యాస్ ఖతార్‌లో ఉంది. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ కూడా నవంబరులో అక్కడే. ఆ ఏర్పాట్లలో నలిగిపోతున్న కూలీల గోడు జర్మన్ పత్రికల్లో వస్తూనే ఉంది. రెండోసారి పోటీ చేస్తున్న ఒక శాసనసభ్యుడికి రెండూ ఒకే ప్రయాణంలో కలిసొచ్చాయి. వ్యాపారుల బృందంతో దోహా వెళ్తున్నామనీ, కూలీలతో మాట్లాడడానికి తెలుగు వచ్చిన మనిషి కావాలనీ ఆయన ఆఫీసువాళ్లు నాకు ఫోన్ చేశారు. నాది మెట్‌పల్లి దగ్గర పల్లె. మా వాడకట్టులో దుబాయ్ పోని ఇల్లు లేదు. ఖతారైనా కువైటైనా మా అమ్మకు దుబాయే. వస్తానన్నాను.

మే నెల, బుధవారం. పొద్దున ఆరింటికి హానోవర్‌లో రైలెక్కి, ఎనిమిదిన్నరకు ఫ్రాంక్‌ఫర్ట్ చేరాం. మా అభ్యర్థి పొడుగాటి మనిషి, మాట మెత్తన. ఆయన పక్కన ఆనా అనే అమ్మాయి, ప్రచారం వీడియోలు తీసేది ఆమే. రైల్లో కాఫీ తాగుతూ ఆయన నన్ను, "వాళ్లు నిజం చెబుతారంటారా?" అని అడిగారు. "వాళ్లకు ఏమీ కాదని తెలిస్తే చెబుతారు," అన్నాను. ఆనా వెంటనే, ముఖాలు కనబడకుండా చేస్తానంది.

ఆరు గంటల విమాన ప్రయాణం. దోహాలో దిగేసరికి చీకటి పడింది. తలుపు దాటగానే పొయ్యి ముందు నిలబడ్డట్టు వేడి గాలి. వ్యాన్‌తో వచ్చిన డ్రైవర్ ఖాజా భాయ్‌ది నిజామాబాద్. నేను తెలుగులో పలకరించగానే ఆయన ముఖం విప్పారింది. అభ్యర్థిని, వ్యాపారులను సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో దించి, ఆనానూ నన్నూ అల్ దోహా అల్ జదీదాలో ఒక చిన్న లాడ్జికి తీసుకెళ్లాడు. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే మాత్రం ఎదురుగా గోడ. కింద మలయాళీల హోటల్లో పరోటా, చేపల పులుసు బాగుంటాయి. అటు వెళ్లేవాళ్లు పెద్ద హోటళ్ల జోలికి పోకుండా అలాంటి చోటే తినడం మేలు.

"ఈ సారు మన ఎమ్మెల్యే లెక్కనా అక్కా?" అని ఖాజా భాయ్ అడిగాడు. అలాంటివాడేననీ, అక్కడ ఒక్కొక్కరికి రెండు ఓట్లుంటాయనీ, ఒకటి మనిషికి, ఒకటి పార్టీకి వేస్తారనీ చెప్పాను.

"మన లీడర్లు గూడ వస్తరు ఎలక్షన్ల ముంగట. దండలేపిచ్చుకుంటరు, బిర్యానీ తింటరు, గల్ఫోళ్లకు అది జేస్తం ఇది జేస్తం అని పోతరు. మాకు ఈడికెళ్లి ఒక్క ఓటు గూడ లేదు. ఈయనకైతే అసలు మాతోని పనే లేదు గదా, ఎందుకొచ్చిండు?"



గురువారమంతా వ్యాపారుల సమావేశాలు. అక్కడ ఇంగ్లీషు నడుస్తుంది కాబట్టి నాకు పనిలేదు. మెట్రో ఎక్కి అల్ రయ్యాన్ వైపు వెళ్లొచ్చాను. టికెట్టు చవక, పెట్టెలు చల్లన. స్టేషన్ బయట నీడ మాత్రం ఎక్కడా లేదు. రోడ్డు పొడవునా ప్రపంచ కప్ జెండాలు, వాటి కింద మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని రాళ్లు పరుస్తున్న మనుషులు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఖాజా భాయ్ అభ్యర్థినీ మా ఇద్దరినీ సనాయాకు తీసుకెళ్లాడు. ఊరి బయట ఫ్యాక్టరీలూ, కూలీల క్యాంపులూ ఉండే చోటది. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఏడుగురు మనుషులు. ఎనిమిదో మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది. మాట్లాడడానికి ఒక్కడే ముందుకొచ్చాడు. పేరు లింబాద్రి, నలభై దాటి ఉంటాయి, ఇనుప కడ్డీలు వంచి కట్టే పని. మాది మెట్‌పల్లి దిక్కు అని తెలిశాక నన్ను చెల్లె అన్నాడు.

ఆనా వీడియో తీస్తుంటే అభ్యర్థి వేడి గురించి, తిండి గురించి, జీతం గురించి అడిగారు. లింబాద్రి అన్నిటికీ ఒకే దారికొచ్చాడు.

"ఎండ ఉంటది, పని ఉంటది, అవి మాకు ఎర్కనే. నాది ఒక్కటే మాట చెల్లె. ఈ మంచం రాజేశంది. పోయిన ఎండకాలం పరంజ మీదికెళ్లి పడ్డడు. నడుము కిందికి చలనం లేదు. అప్పటిసంది దవఖానల్నే ఉన్నడు. ఇంటికి తోలాలంటే విమానంల స్ట్రెచర్ పెట్టాలె, వెంబడి నర్సు ఉండాలె. కంపెనోళ్లను అడిగితే బుక్రా అంటరు. ఆ రేపు వస్తలేదు. ఈ సారుతోని ఒక్క మాట చెప్పించు. వాన్ని ఇంటికి తోలిస్తే చాలు."

నేను ఒక్క మాట వదలకుండా జర్మన్‌లో చెప్పాను. అభ్యర్థి లింబాద్రి రెండు చేతులూ పట్టుకున్నారు. "రేపు మంత్రిత్వశాఖలో ఈ సంగతి నేనే ఎత్తుతాను. మాట ఇస్తున్నాను," అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. అవి దొంగ నీళ్లు కావు. గదిలోవాళ్లు మాకు చాయ్ పోశారు.

శనివారమూ సెలవే అయినా, గ్యాస్ మాటల కోసం తెరిచిన మంత్రిత్వశాఖ దగ్గర నేను బయట కూర్చున్నాను. గంటన్నర తర్వాత అందరూ నవ్వుతూ వచ్చారు. రాజేశం సంగతి ఏమైందని అడిగాను.

"గ్యాస్ మాటలు చాలా సున్నితంగా నడుస్తున్నాయి. ఇవాళ అది ఎత్తడం బాగుండదు. ఎన్నికలయ్యాక ఉత్తరం రాస్తాను," అన్నారాయన.

"అక్టోబరు దాకానా?"

"మీరు ఆవేశపడుతున్నారు," అన్నారు మెత్తగానే.

నేను వ్యాన్ ఎక్కి ఖాజా భాయ్‌ను ఆసుపత్రికి పోనిమ్మన్నాను. రాజేశం పాతికేళ్ల కుర్రాడు, దుప్పటి కింద కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. మా ఊరి మాట వినగానే ఆకాశానికి ఎగిరినంత సంబరపడ్డాడు. "లింబన్న చెప్పిండు అక్క, జర్మనీ సారు మాట్లాడుతుండట గదా?" అన్నాడు. మాట్లాడలేదని చెప్పేశాను.  అతను, నేను తెచ్చిన ద్రాక్షపళ్లు పక్క మంచం నేపాలీకి కూడా ఇమ్మన్నాడు.

తిరిగి వస్తుంటే ఖాజా భాయ్ ఫోన్ మోగింది. మాట్లాడి బండి పక్కకు ఆపాడు. క్యాంపు గదిలో జర్మనీ సారు లింబాద్రి చేతులు పట్టుకున్న వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోందట. తెరిచి చూశాను. ముఖం స్పష్టంగా ఉంది. రాజేశం పేరే లేదు. "ఎండ ఉంటది, పని ఉంటది" వరకు ఉంచి, మీద అభ్యర్థి గొంతు: మన రాష్ట్రం న్యాయం పక్కన నిలబడుతుంది. ఆ వెంటనే మంత్రిత్వశాఖ మెట్ల మీద కరచాలనం.

ఆనాకు ఫోన్ చేస్తే ఆమె ఏడ్చింది. ముఖం మసక చేసిన వీడియో వేరే పంపిందట. హానోవర్ ఆఫీసువాళ్లు ముఖం కనబడేదే బాగుందని పెట్టారట. నేను అరిచాక గంటలోపు తీసేశారు. అప్పటికి కంపెనీవాళ్లు చూసేశారు. ఆ రాత్రి లింబాద్రి ఫోన్ కలవలేదు.

ఆదివారం మా తిరుగు ప్రయాణం. విమానాశ్రయంలో నన్ను దించి, సామానుతో లోపలికొచ్చిన ఖాజా భాయ్ హైదరాబాద్ విమానం వరుసవైపు చెయ్యి చూపించాడు. అక్కడ లింబాద్రి, చేతిలో ఒక్క సంచి. పొద్దున్నే వీసా క్యాన్సిల్ కొట్టి, క్యాంపు నుంచి నేరుగా తీసుకొచ్చారట. కంపెనీ మనిషి గాజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "అన్నా, నీ ముఖం కనబడదని వాళ్లు చెప్పిన్రు," అన్నాను.

"నువ్వేం జేస్తవ్ చెల్లె," అన్నాడు. "ఇంటికి తోలుమని వాని గురించి అడిగితే నన్ను తోలుతుండ్రు. వాన్ని రోజు ఈ పక్కకు ఆ పక్కకు వొర్లిచ్చి పండవెట్టేటోన్ని నేనే. నర్సులకు వాని మాట తెల్వది. ఇగ ఎవలు పోతరు వాని దగ్గరికి?"

ఖాజా భాయ్ సంచి అందుకుని వరుసలో ముందుకు జరిపాడు. "నేను పోత అన్నా. డ్యూటీ దిగినంక రోజు పోత," అన్నాడు. లింబాద్రి తలూపి, వెనక్కి చూడకుండా వెళ్లాడు.

విమానంలో అభ్యర్థి నాకు నాలుగు వరసల ముందు నిద్రపోయారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను ఆ బృందాన్ని వదిలి వేరే రైలెక్కాను. దోహాకు వెళ్లేవారికి చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. మెట్రో బాగుంటుంది, చాయ్ బాగుంటుంది, మనవాళ్లు పరాయి దేశంలోనూ ఆకలితో పంపరు. కానీ కెమెరా పట్టుకున్నవాళ్లతో మాత్రం క్యాంపుకు వెళ్లకండి.

ఎదురు సీట్లో ఒక ముసలామె. దోహా నుంచి వస్తున్నానని తెలిసి, ఫోన్లో నిన్న ఒక వీడియో చూశానంది. "మా నియోజకవర్గం ఆయనదే. ఆ పేదవాడి చేతులు ఎంత ఆప్యాయంగా పట్టుకున్నాడో. నా రెండు ఓట్లూ అటే."

ఆ మాటలు తర్జుమా చేసింది నేనేనన్నాను. అసలు ఆ మనిషి ఏమడిగాడో, ఏమైపోయాడో మొత్తం చెప్పాను. రాజేశం పేరు ఆమె పలికేదాకా రెండుసార్లు చెప్పాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా విన్నది. అయ్యో అని చెంపకు చెయ్యి ఆనించుకుంది. కిటికీ బయట పచ్చటి పొలాలు వెళ్తున్నాయి.

"పాపం," అంది. తర్వాత నావైపు కాస్త వంగి అడిగింది. "మరి గ్యాస్ ఇస్తామన్నారా?"