తాజాది ఉంచు, పాతది తీసెయ్

బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఊరంతా ఆయన్ని మైకాయన అనేవారు. రికార్డు పెట్టి ఊరుకోవడం ఆయన ఒంటికి పడదు, ప్రతి బస్సునూ నోటితోనే పిలవాలి. ఇంట్లోనూ అదే గొంతు. "ఏమోయ్, ఓసారి ఇటు రా!" అంటే భార్య కంటే ముందు ఎదురింటివాళ్లు తలతిప్పేవారు. "నేనేమన్నా బస్సునా అండీ, అలా గొంతు చించుకుంటారు?" అని ఆమె కసురుకునేది. కసురుకుంటూనే చేతిలో పని వదిలేసి వచ్చేది.

అలాంటి మనిషికి మాయదారి నరాల జబ్బొకటి వచ్చి ముందు నాలుకనే పట్టుకుంది. మాటలకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "గొంతు నిలవదండీ. బాగున్నప్పుడే రోజూ వాడే మాటలన్నీ మీ కంప్యూటర్లో రికార్డు చేసుకోండి. వాటిని మాట్లాడే ప్రోగ్రాంలో ఎక్కిస్తే, రేపు మీట నొక్కగానే మీ గొంతుతోనే పలుకుతుంది."

ఆయన రికార్డు చేశాడు. ఖంగున మోగింది. కానీ మొండిఘటం కదా, అక్కడితో ఆగలేదు. ప్రతి వారం కొత్త ఫోల్డరు తెరిచి, అవే మాటల్ని అవే పేర్లతో మళ్లీ చెప్పేవాడు. "బాగుపడుతున్నానో లేదో తెలియొద్దూ?" అనేవాడు. ప్రోగ్రాంలో ఎక్కిద్దామండీ అని భార్య అంటే, "దాని అవసరం రానీ, అప్పుడు చూద్దాం" అని కొట్టిపారేసేవాడు. వారం వారం మాట ముద్దకడుతూ వచ్చింది. ఆశ మాత్రం ఆయన్ని వదల్లేదు, పాపం.

భార్య మందుల గోడౌన్‌లో స్టోర్ కీపర్. అరల మధ్య తిరుగుతూ, గడువు దాటిన పెట్టెలు తీసేసి కొత్తవి నిలిపి ఉంచడం ఆమె పని. పాత సరుకు ఒక్కటి మిగిలినా ఎవరి ప్రాణం మీదికో వస్తుందని ఆమెకు హడలు. ఇంట్లోనూ అంతే, పాత డబ్బా కనబడితే చాలు, బయటికి పోవాల్సిందే.

ఒకరోజు కంప్యూటరు చోటు లేదని మొరాయించింది. ఆయన రికార్డింగు మధ్యలో ఆగిపోయింది. ఆమె కొంగు బిగించింది. చెప్పులు కొనడానికి కూడా అన్ని కొట్లు తిరగని మనిషి, కంప్యూటరుని శుభ్రం చేసే ప్రోగ్రాముల కోసం నెట్టంతా గాలించింది. ప్రకటనలు కుమ్మరించేవి వద్దంది, ఊరికే బెదరగొట్టేవి వద్దంది, వాడినవాళ్లు తిట్టినవి వద్దంది. చివరికి మూడు ఏరుకుంది. వైరస్ పట్టేది ఒకటి, నకళ్లు ఏరేది ఒకటి, ఖాళీ అయిన చోటు సర్దేది ఒకటి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మూడూ మంచివే.

నకళ్లు ఏరేది పేర్లను బట్టి ఏరి, మర్యాదగా అడిగింది. ఒకే పేరుతో చాలా ఉన్నాయి, పాతది ఉంచాలా, తాజాది ఉంచాలా? గోడౌన్‌లో పుట్టి పెరిగిన చెయ్యి అది. ఆలోచించలేదు. తాజాది ఉంచమంది, పాతవి తీసెయ్యమంది. వెంటనే సర్దేదాన్ని కూడా నడిపింది. కంప్యూటరు పరుగెత్తింది. "చూశారా, ఎలా చేశానో!" అని మురిసిపోయింది కూడా.

ఆయన నాలుక పూర్తిగా పడిపోయాక, డాక్టరమ్మ చెప్పిన ప్రోగ్రాంలో మాటలు ఎక్కిద్దామని ఆమె కూర్చుంది. మొదటి ఫోల్డరు ఖాళీ. రెండోదీ ఖాళీ. చిట్టచివరి దాంట్లో మాత్రం ఉన్నాయి, నోటినిండా దూది కుక్కినట్టున్న ముద్దమాటలు. ఆమె కంప్యూటరు భుజాన వేసుకుని రిపేరు షాపుకి పరిగెత్తింది.

"తీసేసి ఊరుకున్నా బయటికి లాగేవాణ్ణమ్మా" అన్నాడు షాపతను. "మీరు సర్దేది కూడా నడిపేశారు. ఆ చోట్లోకి వేరేవి వచ్చి కూర్చున్నాయి. ఇక దొరకవు."

ఇంటికొచ్చి చెప్పి, భర్త కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన ఒంటివేలితో "పోనీలే" అని టైపు చేసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఉన్న ముద్దమాటలనే ప్రోగ్రాంలో ఎక్కించింది కానీ, అవి ఆమెకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. చూడవచ్చినవాళ్లు ఇబ్బందిగా నవ్వేవారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. తన మాటలు తీయించేసి, ప్రోగ్రాంలోనే ఉండే గొంతు పెట్టించుకున్నాడు. ఫోన్లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే బాపతు గొంతు.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. "దయచేసి ఇటు రండి" అని వినిపించింది. పక్కింటి టీవీ అనుకుంది. మళ్లీ వినిపించింది. వీళ్ల టీవీ తగలెయ్య అనుకుంటూ గిన్నెలన్నీ తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని ఇవతలికొచ్చింది. ఆయన కుర్చీలోంచి సగం జారి, బల్లకి గడ్డం ఆనించి వేలాడుతున్నాడు. వేలు ఇంకా మీట మీదే ఉంది. ఊపిరి ఆడక మొహం కమిలిపోయింది.

లేపి కూర్చోబెట్టి గట్టిగా పట్టుకుంది. "అదెవరి గొంతండీ? ఎవరు పిలుస్తున్నారని రమ్మంటారు నన్ను?" అని బావురుమంది.

అప్పటికప్పుడే ముద్దమాటల్ని తిరిగి ఎక్కించింది. ఆయన వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, ఆమె వినలేదు. ఇప్పుడు ఆ "ఏమోయ్" వినబడితే ఆమె సబ్బు చేతులతోనే ఉరుకుతుంది.

ఆమె గోడౌన్‌కి వెళ్లాక ఆయన్ని చూసుకోవడానికి ఒక ఆయా వస్తుంది. చాలా నెమ్మదస్తులండీ, పొద్దస్తమానం ఆ కంప్యూటరు ఏదో గొణుగుతుందే తప్ప ఆయన ఒక్కసారి కూడా పిలవరు అని అందరికీ చెబుతుంది.