మెషీన్ చంపిన పిట్టలు

మా ముత్తాత మర్ఖేల్ వైపు మూడు ఊళ్లకు దేశ్‌ముఖ్. నిజాం సర్కారుకు శిస్తు వసూలు చేసి పంపిన వంశం మాది. మా తాత ముందు ఎవరైనా తమ గోడు చెప్పుకుంటే ఆయన మధ్యలో మాట తుంచేవాడు కాదట. చివరిదాకా విన్నాకే నోరు విప్పేవాడట. ఆ భూములూ పెత్తనమూ, కోటలాంటి మా గడీ నేను పుట్టకముందే పోయాయి. నేను ఆడియాలజీ చదివి నాందేడ్ వజీరాబాద్‌లో వినికిడి క్లినిక్ పెట్టుకున్నాను. నిటారుగా కూర్చుంటానని, ముఖం మీద చెబుతానని నన్ను పొగరుబోతు అనేవాళ్లున్నారు. అననివ్వండి.

2023 ఎండాకాలంలో ఒక ఉదయం రాజేశ్వర్ అనే బట్టల వ్యాపారి తన తండ్రి నాగయ్య సేట్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. సేట్‌కు ఎనభై దాటాయి. కొద్ది వారాల ముందు నేనే ఆయన రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్లు అమర్చాను. ట్రయల్ గడువు ఇంకా నడుస్తోంది. అంటే, నచ్చకపోతే మెషీన్లు వాపసు ఇవ్వవచ్చు.

రాజేశ్వర్ కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మేడం, మా నాయినకు దిమాగ్ పనిచేస్తలేదు. మీరొక కాగితం రాసియ్యాలె."

"ఏమని?"

"మెషీన్ పెట్టినా ఫాయిదా లేదు, మనిషికి ఏం సమజ్ అయితలేదు అని. దుకాణం అమ్మే బేరం నడుస్తున్నది. ఈయన సంతకం పెట్టనంటుండు. మా కాకలు, ఈయన తమ్ముళ్లు గూడ ఈయన దిక్కే ఉన్నరు. మీ కాగితం చూపిస్తే చుప్ అయితరు."

తండ్రి పక్కనే ఉన్నాడు. చెవుల్లో మెషీన్లున్నాయి, ప్రతి మాటా వింటున్నాడు. కొడుక్కి ఆ వెరపు కూడా లేదు.

"దిమాగ్ పోయిందని నీకెట్లా తెలుసు?" అన్నాను.

"మీరే వినుండ్రి." తండ్రి వైపు తిరిగి, ఎద్దును అదిలించినట్టు గొంతు పెంచాడు. "నాయినా! పిట్టలేమైనయ్ చెప్పు మేడంకు!"

"సచ్చిపోయినయ్," అన్నాడు సేట్ నెమ్మదిగా.

"చూసిండ్రా!" అని కొడుకు నవ్వాడు.

మా వృత్తిలో ఒక దురాచారం ఉంది. కుర్చీలో కూర్చున్నవాడిని వదిలేసి పక్కన నిలబడ్డవాడిని అడుగుతారు. మొదటిరోజు నేను సేట్‌నే అడిగాను, మీకేం వినబడాలని. "గిరాకీల మాటలు వినబడితే చాలు" అని జవాబు అడ్డంగా కొడుకు నుంచి వచ్చింది. ఈసారి ఆ అవకాశం ఇవ్వలేదు. రాజేశ్వర్‌ను బయట బెంచీ మీద కూర్చోమన్నాను. గొణిగాడు. తలుపు వేశాను.

"ఏ పిట్టలు, సేట్?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఒక లైవ్ ప్రసారం వినిపించాడు. సర్ఖని వైపు అడవి అంచున పక్షులంటే ప్రేమ ఉన్నవాళ్లెవరో ఒక చెట్టుకు మైకు కట్టారు. అక్కడి చప్పుళ్లు కత్తిరింపూ కలపడమూ లేకుండా, పుట్టిన క్షణానే నెట్‌లో వస్తాయి. గాలి, ఎండుటాకులు, దూరంగా ఒక మేక, మధ్యలో పక్షి. మాట లేదు, పాట లేదు.

"జవానీల సర్ఖని బజారుకు సైకిల్ మీద బట్టల మూటలు కొంటవోతుంటి, బిడ్డా. పొద్దుమీకితే ఆడ్నే పండుడు. తెల్లారి ఇవే లేపుతుండె. రోజు దుకాణం తీసేముంగట జరసేపు వింట. చెవులు మందమైనా, ఫోన్ చెవుకు ఆనిచ్చుకుంటే కోయిల, తీతువు అందుతుండె. నీ మెషీన్ పెట్టినంక మాటలు మంచిగ వస్తున్నయ్. పిట్టలు సచ్చిపోతున్నయ్. కూత మొదలువెడ్తయ్, మధ్యల్నే ఎవడో గొంతు పిసికినట్టు ఐతది."

ఇది పిచ్చి మాటా? ఇంత కచ్చితమైన ఫిర్యాదు చదువుకున్న పేషెంట్లు కూడా నాకు ఇవ్వలేదు.

మెషీన్ పెంచిన శబ్దం చెవి సందుల్లోంచి బయటపడి మళ్లీ మైకులో దూరితే ఈల పుడుతుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. ఆ ఈలను పసిగట్టి నొక్కేసే ఏర్పాటు ఫీడ్‌బ్యాక్ క్యాన్సలర్. దానికి ఈల ఒక్కటే తెలుసు, ఈల వేసేదెవరో తెలియదు. కోయిల దీర్ఘం తీయగానే, అది తన తప్పే అనుకుని నొక్కేస్తుంది. పైగా సేట్ ఫోన్‌ను మెషీన్‌కు ఆనించి పెట్టుకుంటున్నాడు. అలా పెడితే క్యాన్సలర్ ఇంకా రెచ్చిపోతుంది.

సేట్ చెవి కొలత తీసి, చెవిలో సందు లేకుండా అతికే అచ్చు, మోల్డ్ అంటాం, చేయించాను. అది వచ్చాక తండ్రీకొడుకులను మళ్లీ పిలిచి, క్యాన్సలర్ ఆపేసి వేరే ప్రోగ్రామ్ పెట్టాను. సేట్‌ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఫోన్ బల్ల మీద, ఆయనకు రెండడుగుల దూరంలో ఉంచాను.

"పిట్ట వినబడగానే వేలెత్తండి. ఆగగానే దించండి."

మొదట గాలి చప్పుడే. తర్వాత కోయిల. సేట్ వేలు లేచింది, కూత తెగేదాకా నిలిచింది. తీతువు అరిస్తే మళ్లీ లేచింది. సన్నగా కీచుమన్న చిన్న పిట్టలకు లేవలేదు. అంత పైస్థాయి ఆ చెవులకు ఇక రాదు. ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పాను.

"రోజు వినే పాటనే గద," అన్నాడు రాజేశ్వర్. "బట్టీ పట్టిండు."

సేట్ కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "అరే, ఇది లైవ్‌రా! ఎప్పుడు కూస్తదో ఆ పిట్టకే తెల్వది, నేనేడ బట్టీ పడ్త?"

నేను ఆపుకోలేక నవ్వాను. రాజేశ్వర్ నవ్వలేదు.

"కాగితం రాస్తరా, రాయరా?"

"రాస్తాను. మెషీన్‌తో మాట స్పష్టంగా వింటున్నాడు, అడిగినదానికి సరిగ్గా జవాబిస్తున్నాడు అని రాస్తాను."

"మేడం, పైసలిచ్చేది నేను. మీరు పెట్టుకున్నది దుకాణం, మీ తాతల గడి కాదు."

నా జీవితంలో అంత కోపం నాకు రాలేదు. గడి లేదన్నందుకు కాదు. అది నిజమే. దుకాణమైతే అబద్ధం కూడా సరుకే అనుకున్నందుకు. తలుపు చూపించాను.

అతను చేసిన పని చూడండి. తండ్రి చెవుల్లోంచి మెషీన్లు తన చేత్తో పీకి నా బల్ల మీద పడేశాడు. "ట్రయల్ ల ఉన్నయ్ గద. వాపస్." సేట్ ఏదో అన్నాడు. కొడుకు జవాబిచ్చాడు. అది సేట్‌కు వినబడలేదు. చెవులు వినబడని తండ్రి కొడుక్కి ఎంత సౌకర్యమో ఆ రోజు కళ్లారా చూశాను. నియమం ప్రకారం డబ్బు తిరిగి ఇచ్చాను.

ఆ వారంలోనే సేట్ ఒంటరిగా ఆటోలో వచ్చాడు. మెషీన్లు పెట్టాను. ఊరికే తీసుకోమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీ తాతకు ధోతులమ్మిన. ఆయన కాడ నేను ధర తగ్గియ్యలే. నువ్వు నా కాడ తగ్గియ్యకు. నా చెవులు నేనే కొనుక్కుంట."

నేనూ తగ్గించలేదు. తగ్గిస్తే ఆయన్ని అవమానించినట్టు. సంతకం మాత్రం పెట్టనని కొడుకుతో చెప్పాడట. కాకల ముందు మాటకు మాట జవాబిచ్చాడట. దుకాణం గద్దె మీద ఇప్పటికీ ఆయనే కూర్చుంటున్నాడు.

అప్పటినుంచి నా క్లినిక్‌లో ఒక నియమం. ఏం వినాలో చెప్పాల్సింది వినేవాడే. బంధువులు బయట బెంచీ మీద ఉండాలి, ఎంతటివాళ్లైనా సరే. మనిషి మతి పోయిందని ఇంటివాళ్లు అంటే, ముందు మెషీన్‌ను అనుమానిస్తాను, తర్వాత ఇంటివాళ్లను.

ఆ మెషీన్ల కోసం నాగయ్య సేట్ తన చేతి బంగారు కడియం సరాఫా బజారులో అమ్మేశాడు.