మా అక్క బిడ్డ

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసే మనిషిని నేను. చచ్చినవాళ్లంతా తిరిగొస్తే బతికున్నవాళ్లకు చోటేదీ అనేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ బస్సు సంగతి మాత్రం నాకు మింగుడు పడదు.

స్వరాజ్యం వచ్చిన కొత్త. నన్ను మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు, ఉదయగిరిలో కాపురం. మొదటి కాన్పులో మగబిడ్డ. పై పెదవి, అంగిలి చీలి ఉన్నాయి. చేతులకు ఆరేసి వేళ్లు, కాలివేళ్లు కలిసిపోయాయి. గ్రహణం నాడు కూరగాయలు తరిగుంటానని అందరూ నన్నే అన్నారు. అదంతా ఒకటే జబ్బనీ, చాలా అరుదనీ, దగ్గర రక్తాలు కలిస్తే బయటపడుతుందనీ చాలా ఏళ్లకు ఒక డాక్టరు చెప్పాడు. అప్పట్లో నాకు తెలిసింది సిగ్గొక్కటే. బిడ్డకు పేరు కూడా పెట్టలేదు.

పాలు పడితే ముక్కులోంచి వచ్చేసేవి. వాడు రోజురోజుకీ ఎండిపోతుంటే ఆత్మకూరు ఆసుపత్రికి బయల్దేరాం. నా పుట్టిల్లూ అక్కడే. బొగ్గుతో నడిచే బస్సు. మా ఆయన ముందు సీట్లో మగవాళ్ల మధ్య కూర్చున్నాడు, మేమెవరో తెలియనట్టు. ఆయన్ని లోపల తిట్టుకున్నాను గానీ నేను చేసిందేమిటి? బిడ్డ మొహం మీద గుడ్డ కప్పి కూర్చున్నాను.

వాడు ఆకలికి ఏడుస్తున్నాడు. ఉగ్గుగిన్నెలో పాలున్నాయి. పట్టాలంటే గుడ్డ తీయాలి, తీస్తే అందరూ చూస్తారు. నేను తీయలేదు.

పక్కన ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నాకంటే కాస్త పెద్దది.

"ఎవురి బిడ్డమ్మా?" అంది. మాట ముక్కుతో వచ్చినట్టుంది.

"మా అక్క బిడ్డ" అన్నాను. నాకు అక్కే లేదు.

"అట్నా. అయితే ఇట్టియ్యి" అని తీసుకుని, అందరి ముందూ గుడ్డ తీసేసింది. వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పాలు పోసింది. ముక్కులోంచి చుక్క రాలేదు.

"పండబెట్టి పట్టబాకమ్మా. మా అమ్మకి ఇది తెలవలా."

బిడ్డను తిరిగి అందిస్తున్నప్పుడు ఆవిడ చేతికి ఆరో వేలు కనిపించింది. వీడు నా బిడ్డేనని చెబుదామనుకుంటూనే ఉన్నాను, నోరు రాలేదు. ఇంతలో బొగ్గు వేయడానికి బస్సు ఆగితే దిగింది. మళ్లీ ఎక్కలేదు. ఒకావిడ రావాలి ఆగమంటే, నా పక్కన ఎవరూ కూర్చోనే లేదన్నాడు కండక్టరు. మా ఆయనా అదే మాట.

ఆత్మకూరులో దిగి ముందు పుట్టింటికెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ బిడ్డను ఒళ్లోకి తీసుకుని చెప్పింది.

"నీకు ముందు ఆడబిడ్డ పుట్టింది. ఇట్నే ఉన్నింది. పాలు పట్టే దారి తెలవక పోగొట్టుకున్నాం. సిగ్గై ఎవురికీ చెప్పలా. పేరన్నా పెట్టలా."

అమ్మదీ మేనరికమే.

ఆవిడ చెప్పినట్టే పాలు పట్టాం. పేరు పెట్టాం. వాడు నడక నేర్చేదాకా మాతో ఉన్నాడు. ఆవిడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కాదన్న బిడ్డను అడిగి ఎత్తుకుందని మాత్రం తెలుసు. తలుచుకుంటే ఈ వయసులోనూ తల వాలిపోతుంది.

వాడున్నన్నాళ్లూ, ఎత్తుకుని ఎన్నిసార్లు ఆ బస్సెక్కినా మొహం మీద గుడ్డ వేయలేదు. పక్కన ఎవరు కూర్చున్నా, వాళ్లు అడక్కముందే చెప్పేదాన్ని, నా బిడ్డ అని.