నా శవానికి ఏడుగురు హంతకులు

ఆ రోజుల్లో నేను చిన్నపిల్లని. నవ్వకండి. ఒంటికి అరవై ఆరు నిండినా, అక్షరాల లెక్కన అప్పటికి నాకు ఏడేళ్ళే. యాభై తొమ్మిదో ఏట, మా వీధి చివరి చర్చిలో ఆదివారం పిల్లలకు తెలుగు నేర్పే టీచరమ్మ దగ్గర, పాలపళ్ళు ఊడుతున్న పిల్లల మధ్య బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని అ ఆలు దిద్దినదాన్ని. ఎందుకు దిద్దానంటే బస్సు బోర్డులు చదవడానికి కాదు (బెంగళూరులో నలభై ఏళ్ళు నంబరు చూసి ఎక్కాను, ఒక్కసారీ దారి తప్పలేదు). మందుసీసా మీద పేరు చదవడానికీ కాదు. నా తలలో చాలా ఏళ్ళుగా ఒక శవం ఉండేది. పట్టు వ్యాపారి శవం. రంగు బానలో తలకిందులుగా, పాదాలు మాత్రం పైకి కనిపిస్తూ ఉండేది. దాన్ని పుస్తకంలో పెట్టాలని నా కోరిక. అట్టా, అట్ట మీద నా పేరూ ఉండే పుస్తకంలో.

మాది బెంగళూరు పాత పేటలో మగ్గాల ఇల్లు. మా జేజి, అంటే మా నాయన తల్లి, పదిమంది ఆడవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి నూలు కండెలు చుట్టించేది. మగ్గం నడవాలంటే అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె ఉండాలి, కండె నిండాలంటే రాట్నం తిరగాలి, రాట్నం తిరగాలంటే ఆ ఆడవాళ్ళకు విసుగు పుట్టకూడదు. అందుకని జేజి దొంగల కథలు, హత్యల కథలు చెప్పేది. ఆమె పద్ధతి ఒకటే. వింటున్నవాళ్ళలో ఎవరైనా "ఫలానావాడే దొంగ" అని పసిగట్టి బయటికి అన్నారో, అక్కడికక్కడే దొంగను మార్చేసేది. "వాడా? వాడు ఆ పొద్దు ఊళ్ళోనే లేడే" అని తీసి పారేసేది. దొంగ తెలిసిపోతే చేతులు ఆగిపోతాయని ఆమె లెక్క. ఆ విద్య నాకు అబ్బింది. ముప్పై ఏళ్ళు నేనూ అదే వరండాలో అలాగే చెప్పాను. ఒక్క దొంగనైనా ఎవరికీ దొరకనివ్వలేదు.

ఇక నా పుస్తకం సంగతి. ఏడాదంతా కూర్చుని పదకొండు పేజీలు రాశాను. మా చెల్లెలి కూతురు, హూడిలో కంప్యూటర్ ఆఫీసులో మేనేజరు, నలభై దాటిన మనిషి, ఆ నోటుబుక్కును ఊళ్ళోనే తెలుగు పుస్తకాలు వేసే ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చదివి, "పేరు తెలియని రచయిత్రి పుస్తకం ఎవరు చదువుతారమ్మా? ముందు నాలుగు వందలమందిని పోగుచేసుకోండి, తర్వాత చూద్దాం" అన్నాడట. పోగుచేసుకోవడానికి వాళ్ళేమన్నా ఎండిన పుల్లలా? ఆ మాటకే నాకు మండుతుంటే ఈ పిల్ల ఇంకో మాట మోసుకొచ్చింది.

"పెద్దమ్మా, ఏడాదికి పదకొండు పేజీలంటే నీ బుక్కు ముగిసేసరికి నీకు తొంబై దాటతాయి. ఇప్పుడు జనం చెవుల్తో చదవతారు. నువ్వు సుమ్మనే, ఊరికే అట్ల, ఫోన్లో చెప్పు. నేను యాప్‌లో పెడతా. ఫ్రీగా."

"ఫ్రీగా అంటే?"

"ఎవరైనా వినొచ్చు. ఏమీ ఇయ్యక్కర్లేదు."

"నోటితో చెప్పేదానికైతే నేను ఆ బెంచీ మీద మోకాళ్ళు నొప్పులు పెట్టుకోని ఏడేండ్లు ఎందుకు కూర్చుంటి? పుట్టినప్పట్నుంచి నోరుండాది కదా నాకు."

"బుక్కు కావల్నా వద్దా నీకు?"

కావాలి. అదే నా బలహీనత. సరేనన్నాను. కానీ ఫోను ముందు కూర్చోబెడితే నా నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ళు రాట్నం తిప్పుతూ కథ చెప్పినదాన్ని, ఉత్త చేతులతో ఎలా చెప్పను? చివరికి అటక మీది పాత రాట్నం దింపించి, నూలు ఎక్కించి, తిప్పడం మొదలుపెట్టాక గొంతు లేచింది. ఒక కండె నిండితే ఒక భాగం అయిపోయినట్టు. వారానికొక కండె. (మొదటి వారమే ఎవరో రాశారు: 'వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తోంది, బేరింగ్ మార్పించుకోండి.' ఊరికే వినేవాళ్ళు మన ఇంట్లో ఫ్యాను కూడా బాగుచేయిస్తారు.)

కథ ఇదీ. పట్టు వ్యాపారిని ఎవరో చంపి రంగు బానలో ముంచారు. ఇంట్లో రంగుల మేస్త్రి, గుమస్తా, రెండో భార్య, జరీ అమ్మే సేటు, వంటమనిషి, చనిపోయినాయన తమ్ముడు ఉన్నారు. హంతకుణ్ణి పట్టేది పోలీసులు కాదు, ఆ ఇంట్లో కండెలు చుట్టే ఒక ముసలామె. ఆమె ముందు ఎవరూ గొంతు తగ్గించరు కాబట్టి ఆమెకు అన్నీ తెలుస్తాయి. చంపింది రంగుల మేస్త్రి. ఇది నా తలలో ముప్పై ఏళ్ళుగా స్థిరంగా ఉన్న మాట.

మొదటి భాగం పెట్టిన మర్నాడే ఆఫీసు నుంచి ఫోను చేసి మా పిల్ల సంబరంగా చదివి వినిపించింది. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కంపెనీ బస్సులో విన్నాడట. రాసింది ఒక్క ముక్క: 'మేస్త్రే చంపినాడు.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు దాచుకున్న రహస్యం, హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో కూర్చున్న మనిషికి ఒక్క పూటలో ఎలా తెలిసింది? నాకు తెలిసిన మందు ఒకటే. రెండో భాగంలో, ఆ రోజు మేస్త్రి రెండు చేతులూ వేడి రంగులో కాలి కట్లు కట్టించుకుని ఉన్నాడని చెప్పి అతణ్ణి తప్పించేశాను. హంతకుడు గుమస్తా అయ్యాడు. మూడో భాగానికి కుందలహళ్ళి హాస్టలు పిల్ల ఒకతి 'గుమస్తా మీద డౌట్' అని రాసింది. గుమస్తాను ఆ రోజు పెళ్ళిచూపులకు పంపేశాను. హత్య రెండో భార్య మీద పడింది. వాళ్ళు ఊహించడం, నేను మార్చడం. సేటు, వంటమనిషి, తమ్ముడు, వరసగా అందరూ హంతకులయ్యారు, అందరూ నిర్దోషులయ్యారు. చివరికి ఎవరో వెటకారానికి 'ఇక మిగిలింది ఆ ఇంటి పిల్లి ఒక్కటే' అని రాస్తే, తొమ్మిదో భాగంలో ఆ పిల్లి ఆ పూటే ఈనిందని కూడా చెప్పాను. నన్నడిగితే ఆట బ్రహ్మాండంగా సాగుతోంది. వినేవాళ్ళు పెరుగుతున్నారు. జేజి ఉంటే మెచ్చుకునేది.

ఒక ఆదివారం మా పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది. "పెద్దమ్మా, గలాటా అయ్యిండాది. విను" అని చదివింది: 'మేడమ్, సెకండ్ పార్ట్‌లో మేస్త్రి చేతులకు కట్లు. అదే రోజు సాయంత్రం, సిక్స్త్ పార్ట్‌లో, చపాతీలు ఒత్తాడు. లాజిక్ ఏది?' ఇంకొకరు: 'రెండో భార్య తిరుపతి వెళ్ళింది అన్నారు. మరి తలుపు తీసింది ఎవరు?' ఇంకొకరు, వరసగా ఏ భాగంలో ఎన్నో నిమిషంలో నేనేమన్నానో రాసి, కింద 'మేము పిచ్చివాళ్ళమా?' అని పెట్టారు. విన్నవాళ్ళు సగానికి సగం జారిపోయారట.

"పోయిన నెల చెప్పిన మాట వీళ్ళకి ఎట్ల గుర్తుండాది?"

"గుర్తు పెట్టుకునేది ఏముంది పెద్దమ్మా. వెనక్కి పోయి మళ్ళా వింటారు. నువ్వు చెప్పిందంతా ఆడనే ఉండాది కదా."

"ఆడనే ఉండాదంటే?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. తన పొరపాటు దానికప్పుడు తెలిసింది, నా పొరపాటు నాకూ తెలిసింది. వరండాలో చెప్పిన మాట ఆ పూట గాలిలో కలిసిపోయేది. మర్నాడు వచ్చే ఆడవాళ్ళకు తిరగబడే తీరికే ఉండేది కాదు. ఫోనులో మాట కూడా వారం తిరిగేసరికి పోతుందనే అనుకున్నాను. అది పోలేదు. నా నోట్లోంచి వచ్చిన ప్రతి అబద్ధాన్నీ వరసలో నిలబెట్టి, ఎవడు పడితే వాడు వెనక్కి తిప్పి వింటున్నాడు. ఈ సంగతి నాకు ముందు చెప్పాలా వద్దా?

"పుస్తకాలాయన కూడా వింటా ఉండాడంట" అంది మా పిల్ల మెల్లగా. "ఫోన్ చేసినాడు. 'ఒకే హంతకుడితో మొదట్నుంచి చివరిదాకా రాసి తెస్తే వేస్తా. ఇట్లయితే కుదరదు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా? బొమ్మసంద్రాయన పెట్టింది కూడా చదవనా?"

"చదువు."

"'అమ్మా, ఇంట్లో అందరూ మంచోళ్ళే అని తేలిపాయ. ఇంక మిగిలింది కండెలు చుట్టే ఆమె ఒకతే. ఆమెని కూడా పట్టిస్తారా ఏంది?'"

చూశారా ఆ పొగరు. ఆ కండెలు చుట్టే ఆమె ఎవరనుకున్నాడు? ఆమె మా జేజి. నా ఆరు హత్యల్నీ భరించినదాన్ని, ఏడో హత్య మా జేజి మీద పెట్టే మాట మాత్రం భరించలేకపోయాను. రాట్నం ఆపేసి, మిగిలిన నూలు కోసి పారేసి, "రాస్తా" అన్నాను. మా పిల్ల తొంభై ఏళ్ళ లెక్క మళ్ళీ ఎత్తబోయింది. నా మొహం చూసి ఫోను సంచిలో పెట్టేసుకుంది.

రాసే ముందు ఒక పని చేశాను. చీటీ మీద హంతకుడి పేరు రాసి, ఖాళీ జరీ డబ్బాలో వేసి మూత బిగించి, "దీన్ని హూడికి తీసుకుపో. నేను అడిగినా ఇయ్యొద్దు" అని ఆ పిల్ల చేతికిచ్చాను. నా దగ్గరుంటే చించేస్తానని నాకు తెలుసు. (రెండుసార్లు అడిగాను కూడా. ఇవ్వలేదు. రాక్షసి.) ఆ చీటీ రాస్తున్నప్పుడు నాకొకటి తట్టింది. బస్సు బోర్డు, మందుసీసా కాదు, అక్షరాలు నేర్చుకున్నది ఇందుకన్నమాట. నా నోరు నామీద తిరగబడకుండా కట్టేసుకోవడానికి.

ఏడాదికి పదకొండు పేజీలన్నది తీరిగ్గా రాసిన లెక్క. కోపంతో రాస్తే చెయ్యి వేరేగా నడుస్తుంది. రెండేళ్ళలో నాలుగు నోటుబుక్కులు నింపాను. మేస్త్రి చేతులకు కట్లు లేవు, రెండో భార్య తిరుపతి వెళ్ళలేదు, పిల్లి ఊసే లేదు. అయితే పుస్తకాలాయన నోటుబుక్కులు తిరగేసి మళ్ళీ పాత పాటే పాడాడు. పోయినవాళ్ళు తిరిగి రావాలట. సరే, ఈసారి రాసిందే చదువుతానని, రాట్నం తిప్పుతూనే (అది లేకపోతే ఇప్పటికీ గొంతు రాదు), మళ్ళీ మొదటి నుంచి ఫోనులో పెట్టించాను. మళ్ళీ ఊరికే.

మొదటి భాగం పెట్టిన మర్నాడు వచ్చింది, నేను ఎదురుచూస్తున్నదే: 'మేస్త్రే. ఈసారైనా మార్చొద్దు తల్లీ.'

ఆ వారం నేను పడ్డ బాధ ఎవరికీ వద్దు. మార్చేద్దామని నాలుక పీకింది. మేస్త్రిని పెళ్ళికి పంపొచ్చు, జ్వరంతో పడుకోబెట్టొచ్చు, ఎన్ని దారులో. కానీ నోటుబుక్కులో ఒక మాట ఉంది, హూడిలో చీటీ ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇక బొమ్మసంద్రాయన వెళ్ళిపోతాడు, ఆయన వెనకాల మిగతావాళ్ళూ వెళ్ళిపోతారు, పుస్తకమూ పోతుంది అనుకున్నాను. దొంగ తెలిశాక ఎవరు కూర్చుంటారు? ప్రతి ఆదివారం మా పిల్లను అడిగేదాన్ని. "వింటా ఉండాడు పెద్దమ్మా" అనేది. ఇరవై వారాలూ అదే జవాబు. పోయినవాళ్ళు కూడా ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. నాలుగు వందలు దాటింది.

పుస్తకం వచ్చిన నెలకు ఒకాయన రెండు బస్సులు మారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు, అనంతపురం వైపు మాట. చేతిలో నా పుస్తకం. "నేనేమ్మా, బొమ్మసంద్ర" అన్నాడు. కూర్చోమనక ముందే అడిగాను.

"మేస్త్రి అని నీకు ఎట్ల తెలిసెప్పా?"

"మొదటి భాగంలో మీరే చెప్పినారు కదమ్మా, మేస్త్రి గోళ్ళు తెల్లగా ఉండాయని. నేను పద్దెనిమిదేండ్లు పెయింట్ సెక్షన్లో చేసినా. ఇదో చూడండి" అని చేతులు చాపాడు. గోళ్ళ మొదట్లో నీలం. "రంగు పని చేసేవానికి గోళ్ళు తెల్లగా ఉండాయంటే, వాడు అంతకుముందే కూర్చోని దేన్నో గట్టిగా రుద్ది కడుక్కున్నాడని కదా."

ఆ గోళ్ళ మాట నేనే పెట్టాను. కంప్యూటర్ల ముందు కూర్చునే ఈ ఊళ్ళో గోళ్ళ సంగతి ఎవరికి తెలుస్తుందిలే అనే పెట్టాను.

"తెలిసినోడివి ఇరవై వారాలు ఎందుకు వింటివి? పని లేకనా?"

ఆయన చేతులు వెనక్కి తీసుకుని, "నాకు తెలుసమ్మా. కాని ఆ కండెల ఆమెకి తెలీదు కదా. ఆమెకి ఎప్పుడు తెలుస్తాదా, అంతలోపల వాడు ఆమెనేమన్నా చేస్తాడా అని... బస్సు దిగి కూడా గేటు కాడ నిలబడి వింటి" అన్నాడు.

జేజికి ఈ మాట చెప్పాలనిపించింది. చెప్పినా నమ్మదు. ముందు చేతులు ఆగిపోలేదా అని అడుగుతుంది.

వెళ్ళబోతూ పుస్తకం తెరిచి, మొదటి పేజీ మీద ఏదైనా రాసివ్వమన్నాడు. నేను రాయాలంటే సమయం పడుతుంది, కాఫీ తాగుతూ కూర్చోమన్నాను. ఆశీర్వాదమేదో రాస్తానని ఆయన అనుకుని ఉంటాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని, 'చంపింది మేస్త్రే. నువ్వు చెప్పిందే' అని రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను. ఆయన చదువుకుని, నవ్వకుండా, ఎవరికీ కనిపించకూడదన్నట్టు పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

మొన్న మా పిల్ల ఆ మొదటి భాగాలను, పాత తప్పుల వాటిని, తీసేస్తానంది. వద్దన్నాను. ఎప్పుడైనా మధ్యాహ్నం పెట్టుకుని వింటాను. రాట్నం గరగరలాడుతుంటే, లోపల ఒకావిడ, పిల్లికి ఏ పాపమూ తెలియదని గొంతు చించుకుంటూ ఉంటుంది. ఎంత కోపమో ఆమెకు. తన మాట ఎక్కడికీ పోదని ఇంకా ఎవరూ చెప్పలేదు పాపం. చిన్నది కదా, ఏడేళ్ళే.